వంటింటికి మిల్లు కప్పు

ఆ ఆదివారం ఉదయం ఉన్నవాళ్లు: వంటింట్లో అమ్మ, నేను, ఉమ్మడి గోడ మీద కొత్తనారు, గోడకు అవతల తన పెరట్లో పెదనాన్న. తాపీమేస్త్రీని మా రాజపాళయంలో కొత్తనారు అనే అంటాం. ఉన్న వస్తువులు: నిచ్చెన, మట్టం చూడడానికి నీళ్లు నింపిన రబ్బరు గొట్టం, దాని రెండు కొసలకూ గాజు నాళాలు, నేను గీసిన పటం, తడి పత్తికట్టెతో పొగలు కక్కుతున్న పొయ్యి, పట్టపగలే వెలుగుతున్న బుడ్డిదీపం. కిటికీ లేదు.

కిటికీ పెట్టే చోటూ లేదు. తూర్పున పొరుగిల్లు, పడమర పెదనాన్న ఇల్లు, ఉత్తరాన గోడకు ఆనించి పశువుల కొట్టం, దక్షిణాన మా హాలు. వెలుగు రావాలన్నా పొగ పోవాలన్నా పైనుంచే. ఈ పొగలో ఇంకా కొన్నేళ్లు వండితే చూపు దక్కదని మదురైలో కంటి డాక్టరు అమ్మతో చెప్పి అప్పటికి నాలుగు నెలలు.

నేను డిప్లొమా చదివి మిల్లు కట్టడాల పనిలో చేరాను. నూలు వడికే షెడ్డు కప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పన్నుకూ ఉత్తరపు ముఖం నిలువుగా, అద్దాలతో ఉంటుంది. ఎండ లోపలికి రాదు, వెలుగు మాత్రం రోజంతా వస్తుంది. అలాంటి పన్ను ఒకటి, ఉత్తర దక్షిణాలకు రెండు పెంకు వాలులున్న మా వంటింటి మీద పెడదామనుకున్నాను. దక్షిణపు వాలును అడుగున్నర పైకి లేపితే ఉత్తరం వైపు నిలువు సందు ఏర్పడుతుంది. అందులో కింద అద్దం, పైన పొగ పోవడానికి ఇనుప వల.

పెదనాన్న పటం చూసి నవ్వాడు. "ఏమయ్యా ఇంజనీరు, వంటింట్లో నూలు వడుకుతారా ఏమి? సంగు ఒకటి పెట్టప్పా, అది ఊదితే షిఫ్టుకి వచ్చినట్టు మేమంతా తిననీకి వస్తాము." మిల్లు కూతను ఊళ్లో సంగు అంటారు. అంతలోనే నవ్వు ఆపి, "తమ్ముని కొప్పు అన్న కొప్పుని దాటకూడదు. తెలుసు కదా?" అన్నాడు.

తెలుసు. పక్కపక్కన కట్టుకున్న అన్నదమ్ముల ఇళ్లలో, రెండు వాలులు కలిసే ఆ కొప్పు తమ్ముడి ఇంటిది ఎత్తుగా ఉండకూడదు. ఆయన్ను కాదని చేయలేను. మా వెన్నుదూలం పడమటి కొస ఉమ్మడి గోడలోనే ఉంది.

పటం మళ్లీ గీశాను. కొప్పు కదలదు. ఉత్తరపు వాలునే అడుగున్నర కిందికి దించి, పెంకులకు బదులు సిమెంటు రేకులు వేస్తాను. అంతకన్నా దించితే కొట్టం కప్పు అడ్డం వస్తుంది. సందు అదే, పద్దెనిమిది అంగుళాలు. పెదనాన్న ఒప్పుకున్నాడు. "కానీ పని పట్టకముందే రెండు కొప్పులూ కొలిచి చూపించు. రేపు మాట రాకూడదు."

ఆయన కోరిన కొలతే ఆ ఆదివారం పెట్టాం. ఉమ్మడి గోడ మీది పిట్టగోడ అడ్డంగా ఉండడం వల్ల అన్నేళ్లుగా ఏ పెరట్లోంచి చూసినా రెండు కొప్పులూ ఒకేసారి కనిపించేవి కావు. కొత్తనారు గొట్టం పట్టుకుని రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసి, "తంబి, మీదే ఎత్తు. తొమ్మిది అంగుళాలు" అని నాతో అన్నాడు.

చెదలు తిన్న దూలాన్ని మార్చిన ఏడాది నాన్న గోడమీద రెండు మూడు వరసల ఇటుక ఎక్కువ వేయించి ఉంటాడు. అడుగుదామంటే నాన్న లేడు.

గోడ అవతలినుంచి పెదనాన్న గొంతు వినిపించింది: "ఇన్నేండ్లు నా తమ్ముడు నాకన్నా ఎత్తులో పండుకొన్యాడు. నాకు తెలియనే లేదు."

"పెదనాయనా, మీ గోడ మీద రెండు మూడు వరసలు వేసి కొప్పు నేనే ఎత్తు చేయిస్తాను" అన్నాను.

"నా కప్పు మీద చెయ్యి పెట్టొద్దు. తగ్గేది చిన్నోడు."

కొప్పు ఎంత తగ్గితే సందు అంత తగ్గుతుంది. కింద కొట్టం ఉంది, పైన ఆయన మాట ఉంది. లెక్క అరిచి చెప్పాను, అమ్మ కళ్ల సంగతీ చెప్పాను. బావగారితో ఎదురుగా మాట్లాడే అలవాటు అమ్మకు లేదు. హాలు తలుపు వెనక నిలబడి, ఆయనకు వినపడేటట్టు నాతో అంది: "దించప్పా. ఆయన సరి అన్నప్పుడే పని పట్టు. మళ్లీ మనసు మారితే మిగిలే ఆ తొమ్మిది అంగుళాల సందూ ఉండదు."

పని పట్టాం. పెంకులు దించాం, వాసాలు కోసి పొట్టి చేశాం, గోడ వరసలు ఊడదీశాం. నాలుగు రోజులు వాన. అమ్మ హాల్లో కుంపటి మీద వండింది. మిల్లు నుంచి వచ్చి నేను రోజూ చీకటి పడేదాకా కొత్తనారుకు ఇటుక అందించాను. పెదనాన్న రోజూ సాయంత్రం వచ్చి గొట్టం పట్టించాడు. రెండు నీటిమట్టాలూ సమమైన రోజు, "ఇప్పుడు సరి" అని వెళ్లిపోయాడు. నాకు సంతోషం కలగలేదు, కోపమూ రాలేదు. పడుకోవాలనిపించింది.

అద్దాలు బిగించిన మర్నాడు అమ్మ పొయ్యి రాజేసింది. పొగ సగం బయటికి పోయింది, సగం లోపలే తిరిగింది. అమ్మ దీపం పెట్టకుండా చేట పట్టుకుని సందు కింద కూర్చుంది.

"బియ్యంలో రాయి అగుపడతా ఉండాదప్పా. చాలు" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

డాక్టరు ఇచ్చిన కంటిమందు అమ్మ మానలేదు.

సందు ఎత్తు తొమ్మిది అంగుళాలు.