పాపాయి నెత్తళ్ళు, హరిబాబుగారి జెండా

పాపాయి నోరంటే పల్లెపాలెంలో కాకులకు కూడా భయమే. ఆమె ఎండబెట్టిన నెత్తళ్ళ మీద వాలే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటాయి. మొగుణ్ణి సముద్రం మింగేశాక, ఆ చిన్న చేపల్నే ఇసుకలో పాత వల పరిచి ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మి, కూతుర్ని నర్సును చేసింది. ఎవరి ముందూ తల వంచలేదు.

పక్క డాబా కొబ్బరితోటల హరిబాబుగారిది. ఎండుచేపల కంపు పడక ఆయన కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి.

ఆగస్టు పదిహేను మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. పాపాయి పరుగున వచ్చి నెత్తళ్ళు పోగుచేసింది. కప్పుదామంటే పట్టా గాలికి కొట్టుకుపోయింది. కంచె ముళ్ళకు ఏదో గుడ్డ చిక్కుకుని కనబడితే ఒక్క లాగు లాగి పోగు మీద కప్పేసింది.

వాన తెరిపిచ్చాక చూస్తే గుడ్డ మధ్యన నీలం చక్రం! అంచు జానెడు చిరిగింది. తలెత్తితే డాబా మీద హరిబాబుగారి జెండా కర్ర బోసిగా ఉంది. ఆయన అక్కణ్ణుంచే ఫోన్లో ఫొటో తీస్తున్నాడు.

"నా జెండా చింపి చేపల మీద కప్పుతావా? మూడేళ్ళు జైలు, తెలుసా? రేపు పొద్దున్నే స్టేషన్లో ఇస్తాను ఈ ఫొటో!"

"గాలి తెచ్చి పడేసిందండి! గాలిని కూడా జైల్లో పెట్టిస్తారేంటి?"

అనడానికైతే అనేసింది గానీ, ఆ రాత్రంతా అదే ఆలోచన. మూడేళ్ళు లోపలుంటే ఈ ముసలి ప్రాణం మళ్ళీ బయటికొచ్చి గంపెత్తుతుందా?

జెండాను ఉతికి, నీడన ఆరేసి, మడతపెట్టి, పొద్దున్నే తనే స్టేషన్‌కి వెళ్ళింది. హరిబాబు అప్పటికే అక్కడున్నాడు. ఎస్సై లక్ష్మీదుర్గ ఆయన ఫోన్లో ఫొటో చూసి పాపాయిని అడిగింది.

"అవమానించాలనే చేశావా అమ్మా?"

"అవమానమాండి? చిన్నప్పుడు వానొస్తే మా అమ్మ నా నెత్తిన కొంగు కప్పేది. నిన్న నా కూటికి ఈ జెండానే కొంగైందండి. చిరిగింది మాత్రం నా చేతుల్లోనే. అబద్ధమాడను, రాసుకోండి."

హరిబాబు ఆ మడత వైపు చూశాడు. ఒక్క మట్టి మరక లేదు. ఫోను జేబులో పెట్టేశాడు.

"ముడి నేనే సరిగ్గా వెయ్యలేదులెండి మేడం. కేసొద్దు."

"కావాలని చింపినా, తొక్కినా మూడేళ్ళ దాకా శిక్షండి. ఇది అది కాదు," అంది ఎస్సై. "కాకపోతే చిరిగింది మళ్ళీ ఎగరెయ్యకండి. నలుగురిలో కాకుండా, మర్యాదగా కాల్చెయ్యండి."

ఆ సాయంత్రం హరిబాబుగారి పెరట్లో ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడి ఆ పని చేశారు. మర్నాడు ఆయన కొత్త జెండా తెచ్చి కంచె దగ్గరకొచ్చాడు.

"పాపాయమ్మా, వల తాడుకి వేసే ముడేదో దీనికీ వేసిపెడతావా?"

"వెయ్యకేం చేస్తానండి? మీ ముడికి దోమ కూడా ఆగదు."

మొదటిసారి ఆ డాబా ఎక్కింది పాపాయి. ముడి బిగించి కిందికి చూస్తే నెత్తళ్ళ మీద కాకుల సంత!

"మీ దుంపతెగ!" అంటూ మెట్ల మీదికి ఉరికింది. సగం దిగేసరికి పైనుంచి గట్టిగా కేక వినబడింది.

"హుష్! హుష్!"

హరిబాబు పిట్టగోడ మీంచి వంగి, తువ్వాలు ఊపుతూ కాకుల్ని తోలుతున్నాడు.