తగ్గుతున్న నీళ్లు

పిల్లలిద్దరూ ఈత క్లాసులో ఉన్నారు. నేను పూల్ పక్క బెంచీ మీద, ఒళ్లో తడి తువాళ్లతో కూర్చుని ఫోన్‌లో సరస్సు నీటిమట్టం గీత చూస్తున్నాను. వేసవి మొదలైనప్పటి నుంచి పైకే పోతున్న గీత ఆ ఆదివారం మధ్యాహ్నం కొంచెం కిందికి వంగింది. గోరు మందం కూడా ఉండదు ఆ వంపు. పక్కన కూర్చున్నావిడ ఏదో అడిగింది. నాకు వినపడలేదు.

ఆ సరస్సు మా హామిల్టన్‌కి చాలా ఉత్తరాన, కెనడా చివరి దీవుల్లో ఒకదాని మీద ఉంది. లోయకు అడ్డంగా ఓ హిమానీనదం పడుకుని ఉంటే, దాని వెనక కరిగిన మంచు నీళ్లు నిలిచి సరస్సయ్యాయి. మంచే ఆనకట్ట. నిండుతున్నంతకాలం పెద్దగా భయం లేదు. ఉన్నట్టుండి తగ్గడం మొదలైతేనే భయపడాలి. మంచు అడుగున నీళ్లకు దారి దొరికిందన్నమాట. పారే నీళ్లకే ఆ దారి కరిగి వెడల్పవుతుంది. వెడల్పయ్యేకొద్దీ ఇంకా నీళ్లు పోతాయి. మొదట చెంచాతో తోడినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఒకట్రెండు రోజుల్లో సరస్సంతా లోయలోకి దూకుతుంది. అలాంటి వరదల గురించే నా పరిశోధన. ఆ లోయలో, నది ఒడ్డునే, మా వాళ్ల గుడారాలున్నాయి. ముగ్గురున్నారు అక్కడ.

నిజానికి ఈ ఏడు నేనూ అక్కడే ఉండాల్సింది. వసంతంలో మా ప్రొఫెసర్ పిలిచి, చిన్నపిల్లల తల్లివి, ఈసారికి ఇంటి దగ్గరుండి డేటా చూసుకో అన్నారు. చాలా దయగానే అన్నారు. దయగా అంటే ఎదురు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా బదులు వరంగల్ నుంచి వచ్చిన మాస్టర్స్ అమ్మాయిని పంపారు. తెలివైన పిల్ల. నన్ను అక్కా అంటుంది, నన్ను ఏడిపించడంలో ముందుంటుంది.

గీత వంగింది కదా అని వెంటనే కేకలు పెట్టలేం. మా పనిలో ఒక తప్పు ఉంది, మా బోటి వాళ్లు మాత్రమే చేసే తప్పు. సరస్సు అడుగున ఉన్న యంత్రం తన మీద ఉన్న బరువును కొలుస్తుంది. అందులో నీళ్ల బరువుతో పాటు ఆ నీళ్ల మీది గాలి బరువు కూడా కలిసి ఉంటుంది. గాలి బరువు తీసేస్తేనే నీళ్ల లోతు తెలుస్తుంది. పోయినేడు తుఫాను వచ్చినప్పుడు గాలి బరువు తగ్గింది. లెక్క చేసే కుర్రాడు దాన్ని తీసేయడం మర్చిపోయాడు. నీళ్లు తగ్గుతున్నట్టు కనిపించింది. వానలో గుడారాలు పీకి గుట్ట ఎక్కారు. వరదా లేదు, ఏమీ లేదు. అప్పటి నుంచి ఎవరు గీత వంగిందన్నా ముందు నవ్వు, తర్వాతే లెక్క.

కాబట్టి ఆ బెంచీ మీదే లాప్‌టాప్ తీసి అసలు అంకెలు చూశాను. ఏదీ తీసేయకుండా, యంత్రం పంపినవి పంపినట్టు. అవి కూడా తగ్గుతున్నాయి. అక్కడ ఆకాశం తేటగా ఉంది, గాలి బరువు పెరుగుతోంది. గాలి బరువు పెరుగుతున్నా మొత్తం తగ్గిందంటే తగ్గింది నీళ్లే. ఇందులో తప్పు పట్టడానికి చోటు లేదు. మూడుసార్లు వెతికాను, నాకే తప్పు దొరికితే బాగుండుననుకుంటూ.

మా ఆయనకు ఫోన్ చేసి పిల్లల్ని తీసుకెళ్లమన్నాను. "నీకు సాంబారు పొంగినా వరదే కదా" అన్నాడు. నిజం వరదే అన్నాను, వస్తున్నా అని పెట్టేశాడు.

ప్రొఫెసర్ వీకెండ్‌కి ఏదో కాటేజీకి వెళ్లారు. అంతా విన్నారు. సరస్సు గట్టున కెమెరా ఉంది, రోజుకో ఫోటో పంపుతుంది, రేపటి ఫోటో చూసి తేల్చుకుందాం అన్నారు. నది పక్కన ప్రవాహం కొలిచే పరికరాలున్నాయి, మనుషులు దగ్గర లేకపోతే ఈ ఏటి కొలతలన్నీ పోతాయి అని కూడా అన్నారు. రేపటికి ఆలస్యం కావచ్చని నేను మళ్లీ చెప్పాను. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది.

"నువ్వు ఈ మధ్య బాగా ఆందోళన పడుతున్నావు. నిద్ర సరిగ్గా పోతున్నావా?"

అవును, నేను ఆందోళన పడే మనిషినే. చిన్నాడికి జ్వరమొస్తే మూడుసార్లు థర్మామీటర్ పెడతాను. బస్సు ఆలస్యమైతే స్కూలుకు ఫోన్ చేస్తాను. కానీ నా లెక్కకు, నా నిద్రకు ఏం సంబంధం? నేను చెప్పింది అంకెల గురించి. ఆయన జవాబు నా గురించి.

క్యాంపుకు ఏం చెప్పాలన్నా ప్రొఫెసర్ ద్వారానే చెప్పాలని మాకో పద్ధతి ఉంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు సాయంత్రం వాతావరణం చదివి వినిపించాలి, అంతే. పార్కింగ్‌లో కారులో కూర్చుని శాటిలైట్ మెసేజ్ పెట్టాను, వెంటనే ఫోన్ చేయమని. కొంతసేపటికి ఆ పిల్ల చేసింది.

"అక్కా, ఏమైంది? వాతావరణం ఇప్పుడే చదువుతున్నరా?"

"గుడారాలు ఎత్తి గుట్ట ఎక్కండి. ఇప్పుడే."

ఆ పిల్ల నవ్వింది. "ఇక్కడ నది మోకాళ్ల దాకా గూడ లేదక్కా. ఎండ మస్తుగున్నది. చాయ్ తాగుతున్నం. పోయినేటి లెక్క మళ్ల గుట్ట ఎక్కిస్తే ఈయన నన్నే నీళ్లల్ల ఏస్తడు." ఈయన అంటే క్యాంపు పెద్ద, ఏళ్ల తరబడి ఉత్తరాన పనిచేసిన టెక్నీషియన్.

అంకెలు చదివాను. రాసుకోమన్నాను. ముందు యంత్రం అంకెలు, పక్కన గాలివి. సగంలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. లెక్క తనకూ వచ్చు.

"సార్ ఓకే అన్నడా?" అని మెల్లగా అడిగింది.

"అనలేదు."

"మరి?"

"నేను చెప్తున్నాను. వరద రాకపోతే నా పేరు చెప్పి అందరూ తిట్టుకోండి."

"తిడ్తమక్కా. అది మాత్రం గ్యారెంటీ" అంది. ఫోన్ పెట్టకముందే అటు తిరిగి ఇంగ్లీషులో ఆయనకు అంకెలు చదవడం వినిపించింది.

సాయంత్రానికి గుట్ట మీద ఉన్నామని మెసేజ్ వచ్చింది. పెద్దాయన దారంతా సణిగాడట. వంట గుడారం మాత్రం మళ్లీ దిగి తెచ్చుకుంటామని రాసింది. వద్దని రాశాను. దిగలేదు. ఈలోగా క్యాంపు పెద్ద ప్రొఫెసర్‌కీ కబురు పంపినట్టున్నాడు, ఎవరిని అడిగి వాళ్లను గుట్ట ఎక్కించావని ఆయన నుంచి ఈమెయిల్ వచ్చింది. ఎవరినీ అడగలేదని జవాబు రాశాను. ముందు దాని కింద సంజాయిషీ ఒకటి రాశాను, క్షమించండి అని కూడా రాశాను. పంపేముందు అదంతా కొట్టేశాను.

నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే వరద వస్తుందన్న భయంతో పాటు రాకపోతే అన్న భయమూ ఉంది. రాకపోతే ఇక నా మాట ఎవరు వింటారు? అయినా వాళ్లు గుట్ట మీద ఉన్నారు. ఎవరు నవ్వినా అక్కడే ఉంటారు.

తెల్లవారుతుండగా ఆ పిల్ల మెసేజ్ వచ్చింది. నది మట్టి రంగుకు తిరిగిందట. తర్వాత శబ్దం, ఆ తర్వాత వ్యాన్లంత మంచు దిమ్మలు. వంట గుడారం ఉన్నచోట ఇప్పుడు నది ఉంది. పరికరాలు పోయాయి. ముగ్గురూ గుట్ట మీద నిలబడి చూశారు. చివర్లో, తిట్టే చాన్స్ పోయిందక్కా అని రాసింది.

ప్రొఫెసర్ పొద్దున్నే ఫోన్ చేశారు. అందరూ క్షేమం, మంచిదైంది అన్నారు. డేటా ఫైల్ పంపమన్నారు. గురువారం మీటింగులో పద్ధతి తప్పిన విషయం మాట్లాడాలన్నారు. మాట్లాడదాం అన్నాను. ఇదంతా ఈ రాత్రి రాసుకుంటున్నది దానికోసమే. మళ్లీ అలాంటి గీత కనిపిస్తే మళ్లీ అదే చేస్తానని అందరి ముందూ చెప్తాను. వచ్చే ఏడు క్యాంపుకు నేనూ వెళ్తానని చెప్తాను. పిల్లల సంగతి ఏమిటని అడిగితే, వాళ్లకు తండ్రి ఉన్నాడని చెప్తాను. మా ఆయన్ని అడిగాను కూడా. సాంబారు నేర్చుకుంటాను అన్నాడు.

ప్రొఫెసర్ ఫోన్ పెట్టేశాక పిల్లల దగ్గరికి వెళ్లాను. టేబుల్ దగ్గర సీరియల్ తింటున్నారు. రాత్రి నేను హాల్లో అటూ ఇటూ తిరగడం పెద్దది చూసిందట. "వర్ యూ స్కేర్డ్, అమ్మా?" అంది.

ఏం లేదులే అనడం అలవాటు నాకు. ఆ రోజు అనలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"భయమేసింది. చాలా భయమేసింది" అని చెప్పాను. "ముగ్గురు నది పక్కన గుడారాల్లో ఉన్నారు. నీళ్లు వస్తాయని అమ్మకి లెక్కలో కనిపించింది. చెప్తే ఒకాయన నమ్మలేదు. అందుకని ఇంకొకళ్లకి చెప్పాను. మీకూ ఎప్పుడైనా అలా అనిపిస్తే ముందు సరిగ్గా చూసుకోండి. చూసుకున్నాక కూడా భయంగానే ఉంటే గట్టిగా చెప్పండి. నేను నమ్మకపోతే నాకు మళ్లీ చెప్పండి."