పది లెక్కపెట్టేవాడు

కెమెరామన్ పొయ్యి దగ్గర నిలబడ్డాడంటే పాలు పొంగిపోవడం ఖాయం. పరధ్యానం వల్ల కాదు. కన్నార్పకుండా గిన్నెలోకే చూస్తుంటాడు. నురగ అంచు దాకా వస్తుంది, అతని పెదవులు కదులుతుంటాయి, లెక్క పది దాటితే గానీ చెయ్యి ముందుకు రాదు. ఈలోగా పాలు గట్టంతా పారతాయి.

"గుడ్డివాడైనా వాసన పట్టి దించేవాడు కదండీ!" అంటుంది భార్య, గట్టు తుడుస్తూ.

"పది కాలేదు."

"మీ పది సంగతి పాలకేం తెలుసు?"

ఆ వృత్తిలో మాత్రం అందరికీ తెలుసు. ఏ దృశ్యాన్నయినా కెమెరా కదపకుండా పది లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. అంతకు తగ్గితే ఆఫీసులో ఎడిటింగు బల్ల ముందు కూర్చున్నవాడికి కత్తిరించడానికి మొదలూ తుదీ చిక్కవు, తిట్లు మాత్రం చిక్కుతాయి. మంత్రి రిబ్బను కత్తిరించినా పదే, గోడ కూలినా పదే. లోగొంతుకతో లెక్కపెట్టడం అతనికి ఇరవయ్యేళ్ళ అలవాటు. టేపులో అది వినబడుతుంది కూడా. టీవీలో వేసేటప్పుడు ఆ శబ్దం తీసేస్తారు.

అతను మొదట పాస్‌పోర్టు ఫొటోలు తీసే స్టూడియోలో పనిచేశాడు. అక్కణ్ణుంచి టీవీ ఆఫీసులో చేరినప్పుడు అక్కడి ముసలి కెమెరామన్ మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "కుడికన్ను పని కోసంరా, ఎడమకన్ను ప్రాణం కోసం. రెండోది మూశావో, నీ ఫొటో ఇంకొకడు తీస్తాడు." కుడికన్ను కెమెరాకు ఆనించినా ఎడమకన్ను తెరిచే ఉంచాలని, ఏ పక్కనుంచి ఏం వస్తుందో అదే చూడాలని దాని అర్థం.

కొండల అవతల యుద్ధం మొదలయ్యాక ఏడాదిపాటు అతను ఆ మాట తప్పలేదు. తర్వాత ఒకరోజు కాలిపోయిన బస్సు ముందు నిలబడి ఎడమకన్ను మూశాడు. కెమెరా కంతలో బస్సు అగ్గిపెట్టెంత ఉంది. ఆ కంతలో రంగులు కనబడవు. నెత్తురు కూడా నలుపే. వాసన కూడా తగ్గినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి ఆ కన్ను మూసే ఉంచాడు. తోటివాళ్ళలో ఒకడు తాగుడు మరిగాడు, ఒకడు తలుపు చప్పుడైతే మంచం కిందికి దూరుతున్నాడు. ఇతనికి పీడకల కూడా లేదు. "రాయిరా నువ్వు," అని న్యూస్ ఎడిటర్ వీపు తట్టేవాడు. అతను దాన్ని మెచ్చుకోలు అనే అనుకున్నాడు.

అతని ఎడమకన్ను పని డ్రైవరు చేశాడు.

డ్రైవరుకు అందరూ పెట్టిన పేరు కునుకు. సీటు వెనక్కి వాల్చి, చెప్పులు విప్పి, పేపరు మొహం మీద కప్పుకున్నాడంటే ఇక చూడక్కర్లేదు. చెక్‌పోస్టు దగ్గర సిపాయి తుపాకీతో అద్దం కొట్టి లేపితే "టీ తెచ్చావా?" అని అడిగాడట. ఈ కథ ఆఫీసులో చెప్పనివాడు లేడు. ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. కారు ఆగి కెమెరా భుజం మీదికి ఎక్కగానే కునుకు దిగి వచ్చేవాడు. ఎడమ భుజం వెనక నిలబడి, కెమెరామన్ నడుం బెల్టు వెనకనుంచి పట్టుకునేవాడు. ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే వెనక్కి. ఎవరూ చెప్పిన పని కాదది. డ్రైవరు కారు దిగకూడదన్నది ఆఫీసు నియమం. కారులో ఉండేవాడికి గుండ్లు ఆపే చొక్కా ఎందుకని అతనికి ఇవ్వలేదు.

ఆ రోజు రిపోర్టరు జ్వరంతో హోటల్లో పడుకున్నాడు. వీళ్ళిద్దరే వెళ్ళారు. పొద్దున పదకొండు గంటలకు, మార్కెట్ వీధిలో, కునుకు బెల్టు రెండుసార్లు లాగాడు. కెమెరామన్ ఎడమచేత్తో ఆ చేతిని విదిలించాడు. లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఫిరంగి గుండు ఎడమవైపునే పడింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

"డ్రైవరు కారులో ఉండగా పోయాడని రాద్దాం," అన్నాడు న్యూస్ ఎడిటర్. "బయట ఉన్నాడంటే చొక్కా ఏదని అడుగుతారు. నాకూ మంచిది కాదు, నీకూ మంచిది కాదు."

కెమెరామన్ సంతకం పెట్టాడు. టీవీకి కావలసిన ముక్క పంపాక టేపు మాత్రం ఆఫీసుకు తిరిగి ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు. అది బీరువాలో చలికోట్ల కింద ఉంది.

ఏడు నెలల తర్వాత, ఒక సెలవురోజు మధ్యాహ్నం, డ్రైవరు భార్య వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగకుండా గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"పిల్లాడు బడి మానేస్తానంటున్నాడు అన్నయ్యా."

"ఏమైందమ్మా?"

"కునుకుగాడి కొడుకు నిద్ర లేచాడా అని అడుగుతున్నారట. పిల్లలకేం తెలుసు, పెద్దల నోట విన్నదే. మొన్న మా బావగారు నలుగురిలో అననే అన్నాడు, 'మావాడికి బాంబు కూడా జోలపాటే, లేచి పరిగెత్తితే బతికేవాడు' అని. అందరూ నవ్వారు. నేనక్కడే ఉన్నా."

"నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. పట్టించుకోకు," అంది కెమెరామన్ భార్య.

"ఆయన్ని వదిలెయ్ వదినా. నాకే అనుమానంగా ఉంది." ఆమె కెమెరామన్ వైపు తిరిగింది. "నువ్వు పక్కనే ఉన్నావు. ఒక్క మాట చెప్పు చాలు. అప్పుడు మా ఆయన నిద్రపోతున్నాడా?"

"లేదమ్మా. మెలకువగానే ఉన్నాడు."

అంతటితో సరిపోతుందనుకున్నాడు.

"మరి మెలకువగా ఉండి కారు దిగలేదేం?"

కెమెరామన్ లేచి గదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. పాత కెమెరా, ఇయర్‌ఫోన్లు, టేపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. భార్య ఆ టేపును అంతకుముందు చూడలేదు.

"ఇందులో ఉంది. ఆయన కారులో లేడు."

ఆమె అర్థం కానట్టు చూసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. కెమెరా ముందు వంగి, "ఏ కన్ను?" అంది.

"కుడిది. రెండోది మూసుకోనక్కర్లేదు."

మీట నొక్కాడు. అతనికి ఏమీ వినబడదు. వినక్కర్లేదు కూడా. మనసులో లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. కూలిన దుకాణాలు, పొగ. రెండు. మూడు. నాలుగు దగ్గర "అన్నా, వెనక్కి" వస్తుంది. ఆమె వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. ఐదు. ఆరు దగ్గర "అన్నా, చాలు, రా!" ఏడు దగ్గర "ఉండరా!" అన్న తన గొంతు. ఎనిమిది. తొమ్మిది. ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. తల మాత్రం ఎత్తలేదు. ఇంకా ఒకటి ఉందని అతనికి తెలుసు.

ఆమె ఇయర్‌ఫోన్లు తీసింది.

"పది అన్నావు."

"అన్నాను."

"అది పడ్డాక కూడా అన్నావు."

"అలవాటమ్మా."

వంటింటి గుమ్మంలో భార్య కదలకుండా నిలబడింది.

"టీవీలో వేశారా ఇది?"

"వేశారు. మూడు సెకన్లు."

"మూడేనా?"

"అంతకన్నా అవసరం పడలేదు."

ఆమె చీర కొంగుతో కుడికన్ను తుడుచుకుంది, కెమెరా కంత తడి అయితే దాన్నీ తుడిచింది. "మళ్ళీ మొదటికి తిప్పు. ఆయన మాట దాకా చాలు."

మూడుసార్లు తిప్పించుకుని వింది. మూడోసారి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "నిద్ర గొంతు కాదు," అంది. "పదకొండేళ్ళు విన్నా. ఆయన నిద్ర గొంతు నాకు తెలుసు." తర్వాత చెయ్యి చాచింది. "ఇది నాకు కావాలి. ఎక్కడైనా వేయించి బావగారికి వినిపిస్తా. పిల్లాడికీ."

"ఇందులో మొత్తం ఉంటుందమ్మా. పది దాకా."

"ఉండనీ."

అతను టేపు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో అడుగున పెట్టి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. గుమ్మం దాటుతూ వెనక్కి చూడకుండా, "వస్తానండీ," అంది.

మర్నాడు పాలు భార్యే కాచింది.

నాలుగోరోజు న్యూస్ ఎడిటర్ ఫోన్ చేశాడు. "డ్రైవరు అన్న ఆఫీసుకొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. తమ్ముడికి చొక్కా ఎందుకివ్వలేదంటాడు. ఆ టేపు నీ దగ్గరెందుకుందిరా?"

"నేను తీసింది కదా సార్."

"నువ్వు రాయివనుకున్నా."

"నేనూ అనుకున్నా సార్."

"రేపటినుంచి రాకు."

ఇప్పుడతను మళ్ళీ స్టూడియోలోనే పనిచేస్తున్నాడు. మొదట్లో రెండు కళ్ళూ తెరిచి ఫొటో తీయడం చేతకాలేదు. ఎడమకన్ను దానంతటదే మూసుకునేది, వేలితో రెప్ప పట్టుకుని తీసేవాడు. కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు, పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని అతను చెప్పేవాడు. పీడకలలు కూడా అప్పుడే మొదలయ్యాయి. వాటికి రంగులున్నాయి.

బడులు తెరిచిన వారంలో డ్రైవరు భార్య కొడుకును తీసుకొచ్చింది. ఆ వీధిలో ఇంకా మూడు స్టూడియోలున్నాయి.

"బడికి ఫొటోలు కావాలండీ. నాలుగు," అంది. అండీ మారలేదు, అన్నయ్యా తిరిగి రాలేదు.

పిల్లాడు స్టూలు మీద నిక్కి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న మొహమే. "ఎంతసేపు కదలకుండా ఉండాలి?" అని అడిగాడు.

కెమెరామన్ మీట నొక్కాడు.

"అక్కర్లేదు, దిగు," అన్నాడు. "అయిపోయింది."