పండుకోని కారు: జహీరాబాద్ నుంచి బీదర్ వెళ్లి వచ్చిన ఒక శుక్రవారం

ఆ మంగళవారం పొద్దున అన్ని మంగళవారాల్లాగే మొదలైంది. తెల్లవారకముందే దీపం పెట్టుకుని, నామాలు చదువుకుని, ఇడ్లీల వాయి దించాను. మా చెల్లెలు లలితకు కొబ్బరి పచ్చడి పనికిరాదు. ఆమె ఇడ్లీల మీద కాస్త పంచదార చల్లి డబ్బాలో సర్దాను. రోజంతా సరిపెట్టుకోవలసిన చిన్న నీళ్ల సీసా, శాలువా, ఆసుపత్రి కాగితాల సంచి గుమ్మం దగ్గర పెట్టాను. మా తమ్ముడు రాంబాబు ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకున్నాడు. టీ తాగి తాళం చెవి తీసుకున్నాడు. లలిత వెనక సీట్లో కూర్చుని శాలువా కప్పుకుంది. తాళం తిప్పితే కారు "టక్" అంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్.

లలితకు వారానికి రెండుసార్లు డయాలసిస్. జహీరాబాద్‌లో ఖాళీ దొరికేవరకు బీదరే దిక్కు. ఆ పొద్దున పక్కింటివాళ్లు తోస్తే కారు కదిలింది గానీ మేం ఆలస్యంగా చేరాం. లలిత తర్వాత మరొకరి వంతు ఉంది కనుక ఆమెకు మిషన్ మీద ఉండవలసిన సమయంలో గంట తగ్గింది. ఆ రాత్రంతా ఆయాసపడింది. తెల్లారి రాంబాబు బీదర్‌లో ఆసుపత్రి వెనక ఒక గది చూసి వచ్చాడు. చెల్లిని అక్కడ పెడదామన్నాడు. తీసుకునేదీ లేనిదీ శుక్రవారం సాయంత్రంలోగా చెబుతానని ఇంటాయనకు మాటిచ్చాడు. లలిత తన కుట్టుమిషన్ వైపు చూసింది. మా వీధి ఆడపిల్లల జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. ఆ మిషన్ ముందు కూర్చున్నంతసేపూ ఆమె జబ్బు మనిషి కాదు. ఆ గదిలో కుట్టుమిషన్‌కు చోటు లేదని మా ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం కారు ఒక్క తిప్పుకే లేచింది. ఆరున్నరకు బయలుదేరాం. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ మీదుగా బీదర్‌కు గంట చాలు. దారికి రెండు వైపులా కంది చేలు, మధ్యలో ఎర్రమట్టి. బస్సులు కూడా బాగానే ఉంటాయి, ఛార్జీ తక్కువే. కానీ డయాలసిస్ అయ్యాక మనిషికి రక్తపోటు పడిపోతుంది. నిలబడి రావడం కుదరదు. అలాంటి మనిషిని తీసుకువెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వెళ్లేటప్పుడు బస్సు ఎక్కినా, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పడుకోవడానికి వీలున్న బండి చూసుకోండి.

లలితను లోపలికి పంపి నేను వరండాలో జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాను. రెండు గంటలు గడిచాయో లేదో బయట మా కారు సైరన్ మొదలుపెట్టింది. దాని దగ్గర ఎవరూ లేరు, గాలి కూడా లేదు. రాంబాబు పరుగెత్తి ఆపాడు. మళ్లీ మోగింది. గేటు దగ్గరి కాపలా ఆయన, "దొంగ లేడు గానీ దొంగ వచ్చినట్టే ఉందండీ మీ బండికి" అన్నాడు. మూడోసారి మోగి, గొంతు బొంగురుపోయి, దానంతట అదే ఆగింది. రాంబాబు ముఖం వాడిపోయింది.

"బ్యాటరీ దిగిపోయింది అక్కయ్యా. ఇప్పుడు చెల్లి బయటికొస్తే ఎలా?"

"వచ్చేసరికి చూద్దాం" అన్నాను. 

లలిత బయటికి వచ్చేసరికి పక్కన ఒక జీపు ఆగింది. రాంబాబు అడగకముందే ఆ డ్రైవరు మా కారు బానెట్ తెరిచి ఉండటం చూసి, "కేబల్ ఇదె అమ్మా, హెదరబేడి" అన్నాడు. కేబుల్ ఉంది, భయపడొద్దని కన్నడంలో అంటున్నాడని అర్థమైంది. తన బ్యాటరీ ప్లస్‌కు మా ప్లస్ కలిపాడు. తన మైనస్ నుంచి వచ్చిన వైరును మా బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకు తగిలించాడు. కారు లేచింది. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను తినడానికి తెచ్చుకున్న అరటిపండు సంచిలో ఉంది, లలిత ఎలాగూ తినకూడదు. అది ఇస్తే తీసుకున్నాడు.

వెనక సీట్లో పడుకున్న లలిత న్యాల్‌కల్ దాటాక మెల్లగా అంది. "అన్నయ్యా, ముందు అద్దం కింద అలారం ఎర్రలైటు చూశావా? తాళం వేసినప్పుడు ఇదివరకు నిదానంగా మిణుకుమనేది. కొన్నాళ్లుగా గబగబా కొట్టుకుంటోంది, నాలాగే రొప్పుతున్నట్టు."

"ముందే చెప్పొచ్చుగా."

"కారుకు కూడా నా జబ్బే వచ్చిందంటే నవ్వుతావని."

రాంబాబు నవ్వలేదు. కారును నేరుగా యూసుఫ్ దుకాణానికి తిప్పాడు. యూసుఫ్ జహీరాబాద్‌లో మా పాత ఆటో ఎలక్ట్రీషియన్. కొన్నాళ్ల కిందట ఇదే బాధకు కొత్త బ్యాటరీ వేసింది అతనే. లలితను ఇంట్లో దింపి వద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "నా సంగతి తేలేది ఇక్కడే కదా" అని దుకాణంలోని బల్ల మీద వాలింది.

"మళ్ల ఒచ్చిన్రా సార్? నా బాటరీకి వంకలు పెట్టకున్రి ముందుగాల" అంటూనే యూసుఫ్ బానెట్ ఎత్తాడు. ఇంజన్ నడుస్తుండగా మీటర్ తీగలు బ్యాటరీకి ఆనించాడు. "సూడున్రి. పదునాలుగు వోల్టులు దాటింది. చార్జింగ్ మంచిగనే ఎక్కుతుంది. బాటరీ సుత మంచిగనే ఉన్నది. అంటే లోపల ఎవడో కూసొని తాగుతుండు."

"మా అక్కయ్య ఉన్న బండిలో కూర్చుని తాగే ధైర్యం ఎవడికుందయ్యా?" అన్నాడు రాంబాబు.

యూసుఫ్ ఇంజన్ ఆపి, మైనస్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటర్ పెట్టాడు. తలుపులన్నీ వేయించి తాళం వేయించాడు. కాసేపటికి కారు సద్దుమణిగి మీటర్‌లో కరెంటు అంకె బాగా పడిపోవాలట. పావుగంట అయినా పడలేదు.

"గీ కారు పండుకుంటలేదక్కా" అన్నాడు నాతో.

"పండటానికి ఇదేం మామిడికాయా?" అన్నాడు రాంబాబు. మా కోస్తా చెవికి పండటం అంటే కాయ పండటమే. ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నా వాడు ఆ మాట వదలడు.

"మీ ఆంధ్రోళ్లకు ఎప్పుడు తిండే యాదికొస్తది సార్. పండుకునుడంటే నిద్ర. బండికి సుత నిద్ర ఉంటది."

ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ వచ్చాడు. అలారం ఫ్యూజు తీయగానే అంకె దిగిపోయింది. ఈ కారు మేం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అలారం అంతకుముందువాళ్లు పెట్టించినది. "అలారమే ఖరాబైంది, తీసెయ్యాలె" అన్నాడు యూసుఫ్.

బల్ల మీద నుంచి లలిత అడిగింది. "యూసుఫ్ భాయ్, బానెట్ తెరిచి ఉంటే అలారం ఎలా పడుకుంటుంది? తలుపు తీసి ఉన్నట్టే కదా దానికి."

యూసుఫ్ ఆమె వైపు చూసి తల గోక్కున్నాడు. "అరె, గా ముచ్చట మర్శిన." బానెట్ అంచు కింద ఒక చిన్న మీట ఉంటుంది. మూత పడినప్పుడు అది లోపలికి దిగుతుంది. అది దిగితేనే బానెట్ మూసుకుందని అలారానికి తెలుస్తుంది. ఫ్యూజు మళ్లీ పెట్టి ఆ మీటను వేలితో నొక్కాడు. అది సగం దిగి ఆగిపోయింది. వంగి చూసి, లేచి, గుడ్డ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీరే తుడువున్రి అక్కా. నా చేతులకు గ్రీజున్నది."

నేనూ వంగి చూశాను. మీట చుట్టూ పసుపు, దాని మీద కుంకుమ. ఏటేటా దసరాకు బండి పూజ చేస్తాం. మూత ఎత్తి, ఇంజన్ దగ్గర చేతికి అందినచోటల్లా తడి బొట్టు పెట్టడం మా ఇంట్లో అలవాటు. నూనె, దుమ్ము కలిసి అది రాయిలా గట్టిపడింది. మీట పూర్తిగా దిగనివ్వలేదు. బానెట్ తెరిచే ఉందనుకుని పగలూ రాత్రీ అలారం కాపలా కాసింది, బీదర్‌లో ఎవరూ లేకుండానే అరిచింది, బ్యాటరీని తాగింది. మా భక్తికి అది నిద్ర మానుకుంది పాపం.

అతని చేతులకు గ్రీజు ఉన్నమాట నిజమే. ఆ చేతులతోనే అంతవరకూ అన్నీ ముట్టుకున్నాడు. నేను మనసులో దణ్ణం పెట్టుకుని, గుడ్డ తడిపి నిదానంగా తుడిచాను. తర్వాత అతను మీట చుట్టూ గీకి, చుక్క నూనె వేసి, పైకీ కిందికీ ఆడించి నొక్కిపట్టాడు. అందరం మీటర్ చూస్తూ నిలబడ్డాం. ఎర్రలైటు నెమ్మదించింది. అంకె జారింది.

"పండుకుంది" అన్నాడు యూసుఫ్. రెండు వందలు తీసుకున్నాడు.

ఇంటికి వస్తూ ఆలోచించాను. బ్యాటరీ మార్చాం, అలారాన్ని తిట్టాం, చెల్లిని ఊరు మార్చబోయాం. కారణం మాత్రం మేం మంచి కోరి పెట్టిన బొట్టు. దేవుడికి ఇందులో కోపం ఉంటుందని నేను అనుకోను. బొట్టు ఎక్కడ పెట్టాలో చూసి పెట్టమని మాత్రం అంటాడేమో. పాత బండి ఉన్నవాళ్లకు ఒక మాట. ఆపి ఉంచిన కారులో బ్యాటరీ దిగిపోతుంటే, కరెంటు ఎక్కడ పోతోందో మీటర్‌తో చూసేటప్పుడు బానెట్ మీటను నొక్కి ఉంచి చూడండి. లేకపోతే బాగున్న అలారం కూడా దొంగలా కనిపిస్తుంది.

సాయంత్రం దీపాలయ్యాక రాంబాబు భార్య పద్మతో సహా నలుగురం కూర్చున్నాం. దసరాకు ఇకమీదట బొట్టు చక్రాలకూ, స్టీరింగుకూ, బానెట్ పైనా మాత్రమే అని పద్మ అంది. సరేనన్నాను. గది సంగతి రాంబాబు నన్ను అడిగాడు. లలితనే అడగమన్నాను.

"నెల రోజులు చూడు అన్నయ్యా. ఒక్కసారి మొరాయించినా నా సంచి నేనే సర్దుకుంటాను" అంది లలిత.

రాంబాబు ఫోను తీసి గది ఇంటాయనకు కలిపాడు.

"గది వద్దండీ. మా చెల్లి ఉండటానికి రాదు. వచ్చి వెళ్తుంటుంది."