అలమేలమ్మగారు మద్రాసు వెళ్ళి అడిగిన సంగతి

మేం మద్రాసు వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, డబ్బు అడగడానికి. నాది తెనాలి. తమిళనాట రాజపాళయంలో ఆడవాళ్ళు పెట్టుకున్న తెలుగు సంఘానికి పంతులమ్మగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ ఊళ్ళో రాజుల కులంవాళ్ళు మదురై నాయకరాజుల కాలం నుంచీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుతున్నారు. చదువూ రాతా మాత్రం తమిళం. ఇంట్లో మాట్లాడే భాషకు పంతులమ్మ ఎందుకన్నది మగవాళ్ళ వాదన. ఆ వాదన పెరిగేకొద్దీ చందాలు తగ్గాయి. వేసవి దాటాక తరగతి నడవాలంటే బయటి సాయం ఏదైనా రావాలి. మైలాపూరులో ఒక వర్తక కుటుంబం పెట్టిన ట్రస్టు తెలుగు చదువులకు ఇస్తుందని విని అర్జీ పంపాం. సంఘం అధ్యక్షురాలు స్వయంగా వచ్చి మాట్లాడాలని జవాబు వచ్చింది.

అధ్యక్షురాలు అలమేలమ్మగారు. యాభై దాటిన మనిషి, పత్తిమిల్లు యజమాని భార్య. మదురై దాటి ఎరగరు. ప్రయాణమనగానే అటుకులు, పులిహోర, పెరుగన్నం, వాటికి తోడు సొంత తోపులోని మామిడిపళ్ళు ఒక పెద్ద బుట్టెడు సిద్ధం చేశారు. వద్దంటే వినలేదు.

"పెద్దమనిషిని చూసేదానికి ఒట్టి చేతులతో పోతామా టీచరమ్మా?"

సాయంత్రం నాలుగు దాటాక చెంకోట వైపు నుంచి బండి వచ్చింది. ఆవిడ భర్త మమ్మల్ని ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోబెట్టి, కిటికీ దగ్గర నిలబడి నవ్వారు. "ముక్కూ మొహం తెలియనోళ్ళకు సుమ్మా ఊరికే ఎవరిస్తారు? సరి, సముద్రమన్నా చూసి రండి."

ఆవిడా నవ్వేశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

శ్రీవిల్లిపుత్తూరులో ఆకు పొట్లాల్లో పాలకోవా కొన్నాం. విరుదునగరులో మల్లెపూల గంపతో ఒకామె ఎక్కింది. కాసేపు మా మాటలు విని, మీరిద్దరూ మాట్లాడేది ఒకటే భాషా అని తమిళంలో అడిగింది. అలమేలమ్మగారు ఆమెకేదో బదులిచ్చి నా వైపు తిరిగారు.

"ఒకే చెట్టు కాయలే, ఒకటి ఇక్కడ పడింది, ఒకటి అక్కడ పడిందని చెప్పినాను."

మదురైకి ముందే పొట్లాలు విప్పి తిన్నాం. తింటూ ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్పారు. "తలకు పోసేటప్పుడు మా అమ్మ ఒక పాట పాడేది. అమ్మ పోయినాక మరిచిపోతానని తమిళ అక్షరాల్లో రాసుకున్నాను. ఇప్పుడు చదివితే మా అమ్మ పలికినట్టు లేదు. ఆ అక్షరాల్లో మా అమ్మ గొంతు పట్టలేదు. ఆమె పలికినట్టే రాసిపెట్టాల. నేను పోయినాక నా మనవరాలు చదివినా మా అమ్మే పాడినట్టు ఉండాల."

మా అమ్మ మాట విని నాకూ ఏడాది దాటింది. "రేపు అక్కడ ఇదే చెప్పండి పెద్దమ్మా. అడగనిదే అమ్మైనా పెట్టదు" అన్నాను.

"ఆమా, అట్లే చెప్తాను. ఎందుకు చెప్పను?"

తెల్లవారి ఏడు దాటాక ఎగ్మూరులో దిగాం. స్టేషను దగ్గరి సత్రంలో రూపాయికి గది. స్నానాలు చేసి, ఇడ్లీ కాఫీ ముగించి, మైలాపూరు బస్సెక్కాం. జనంలో ఆ మామిడిపళ్ళ బుట్టను కాపాడేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇటువంటి పనిమీద వెళ్ళేవారికి ఒక మాట. సంఘం రిజిస్ట్రేషను కాగితం, ఏడాది జమాఖర్చులు వెంట ఉంచుకోండి. పదింటికల్లా చేరండి. మధ్యాహ్నం భోజనమయ్యాక ట్రస్టీలు ఎవరికీ దొరకరు.

మమ్మల్ని పిలిచిన ట్రస్టీ నెల్లూరు వైపు పెద్దాయన, నెమ్మదస్తుడు. అర్జీ చదివి, కళ్ళజోడు తీసి, "మీకున్న కొరత ఏమిటో మీ నోటితో చెప్పండమ్మా" అన్నాడు.

అలమేలమ్మగారు బుట్టను ఆయన ముందుకు జరిపి, కొంగు సర్దుకున్నారు. "మాకేమి కొరతండీ! దేవుడు అన్నీ ఇచ్చినాడు. మిల్లు ఉండాది, తోపులుండాయి. పది మందికి పెట్టకుండా మేము తిన్నదే లేదు. మీరు ఒక తూరి మా ఊరికి రావాల."

ఇక మా అర్జీ నీళ్ళలో కలిసింది. కానీ ఆవిణ్ణి ఏమని తప్పుపట్టను? బియ్యం అయిపోతే లేవనకుండా నిండుకున్నాయని చెప్పే జాతి మనది. వచ్చినవారి ముందు 'లేదు' అనడం ఆవిడకు పుట్టింట్లోనూ నేర్పలేదు, మెట్టినింట్లోనూ నేర్పలేదు.

పెద్దాయన కాగితాలు మడిచాడు. "సంతోషమమ్మా. మరి లేనివాళ్ళకు ఇవ్వనివ్వండి." ఆ మాట ఎగతాళిగా అనలేదు. మాకు మజ్జిగ తెమ్మని కూడా లోపలికి చెప్పాడు.

నేను నోరు తెరవబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. తల వంచుకుని, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు మెల్లగా అన్నారు.

"ఇంట్లో అన్నీ ఉండాయండీ. నాదని ఏమీ లేదు. సంఘానికి నేను కట్టే చందా కూడా మా ఇంటాయన ఇస్తే ఉంది, లేకుంటే లేదు. మా అమ్మ పాట రాసుకునే చదువు నాకు కావాల. ఈ టీచరమ్మ పోతే నాకది రాదు. ఈ మాట నేను ఇదివరకు ఎవరితోనూ అనలేదు."

పెద్దాయన మడిచిన కాగితాలు మళ్ళీ విప్పాడు. చివరికి ఇలా తేల్చాడు. "ఏడాది ఖర్చులో సగం మేం ఇస్తాం. తక్కిన సగం మీ ఊళ్ళో పుట్టాలి. ఊరు పట్టించుకోని చదువుకు మేమెంత పోసినా నిలవదు. నెల లోపల మీ సగం వచ్చిందని రాయండి, మాది పంపిస్తాం."

బయటికి వచ్చాక సముద్రం చూశాం. ఆవిడ పాదాలు తడుపుకుని ఒడ్డున కూర్చున్నారు. తిరుగు బస్సు సెంట్రల్ స్టేషను ముందు దింపింది. లోపలికి వెళ్ళి చూస్తే బెజవాడ బండి నిలబడి ఉంది. ఎక్కితే తెల్లారేసరికి తెనాలి. మా వీధి, మా పెరటి బావి, మా అమ్మ పిలుపు ఒక్కసారిగా కళ్ళలో మెదిలాయి.

"మీ ఊరికి పోయే బండి ఇదేనా?" అన్నారు అలమేలమ్మగారు. "మా పెద్దలు వచ్చినది కూడా ఆ వైపు నుంచేనంట. ఆ నేల ఎట్లుంటుందో ఒక తూరి చూడాలని నాకు చిన్నప్పటి నుంచి ఆశ."

గార్డు ఈల వేసి, బండి కదిలి, ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. తర్వాత రిక్షాలో ఎగ్మూరు చేరి, సత్రంలో సామాను తీసుకుని మా బండి ఎక్కాం.

చెంగల్పట్టు దాటాక ఆవిడ హఠాత్తుగా, "టీచరమ్మా, నువ్వు మా ఇంటాయన అనుకో" అన్నారు. నేను గొంతు లావు చేసి, "ఏమి సంగతి?" అన్నాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆగారు.

"పెళ్ళైన నాటి నుంచి నాకని ఆయన్ని ఒకటి అడిగింది లేదు. ఆయన తెచ్చేవారు, నేను తీసుకునేదాన్ని. ఆ ట్రస్టు పెద్దాయన్ని అడగడమే సులభం. లేదంటే లేచి వచ్చేస్తాము. ఈయన లేదంటే మళ్ళీ అదే ఇంట్లో వండి పెట్టాల కదా."

మర్నాడు పొద్దున పడమటి కొండల మీద మబ్బు కమ్ముకుని ఉండగా రాజపాళయంలో దిగాం. ఆవిడ భర్త ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. "ఏమి, ఇచ్చినారా?" అన్నారు నవ్వుతూ.

"సగం ఇస్తామన్నారు. తక్కిన సగం మీరు ఇయ్యాల."

"సరి, ఇంటికి పోయి మాట్లాడుకుందాం, రా."

ఆవిడ కదల్లేదు. "ఇంటికి పోతే మీకు కాఫీ కలుపుతాను, నీళ్ళు తోడతాను, ఈ మాట మింగేస్తాను. ఇక్కడే చెప్పండి. నాకు కావాల."

ఆయన నవ్వు ఆగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ ఒక మాట అడగలేదే నువ్వు?" అన్నారు.

"ఏమి కావాలని మీరు అడగలేదు కదండీ."

పోర్టరు సామాను కోసం చెయ్యి చాచి, ఆగిపోయి, వాళ్ళిద్దరి వంకా చూశాడు. ఆయన నేల చూపులు చూస్తూ, "సరి. రేపు సంఘానికి పంపిస్తాను" అన్నారు.

"సంఘానికి నేను ఇస్తాను. మీరు నా చేతికి ఇయ్యండి."

ఆయన తల ఊపారు. అప్పుడు ఆవిడ ఏడ్చారు, నలుగురూ చూస్తున్నా కొంగు అడ్డం పెట్టుకోకుండా. ఆ పూటంతా నాకు తెనాలి గుర్తుకు రాలేదు.