అడుగు కనిపించే గ్లాసు

మా బ్లాకు తొమ్మిదో అంతస్తు ఆంటీ పోయారండీ. పోయిన నెల ఓ పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఊరి ఆ చివర పుంగ్గోల్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్. "అన్నా, అమ్మ నిద్దట్లోనే…" అని ఆగిపోయింది. నేను ఆ షట్టర్ అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. పెట్టిన కొత్తలో ఆంటీయే పక్కన కూర్చుని నాకు బేరానికి కావలసిన మలయ్ భాష మాటలు నేర్పారు. "ముందు మనిషిని కూర్చోబెట్టు తంబీ, సామాను తర్వాత చూపించు" అనేవారు. ఆ మాట మీదే నా కొట్టు నిలబడింది.

గరిటెలూ మూతలూ కొనేవారు కానీ స్టీలు గ్లాసు ఒక్కటంటే ఒక్కటి కొనలేదు. తెలుగువాళ్ళింట్లో స్టీలు గ్లాసు లేకపోవడమేమిటని అడిగితే, "అడుగు కనబడని దాంట్లో మేం తాగం" అన్నారు. నేను గాజు గ్లాసులో ఇచ్చిన టీ కూడా వంచి, అడుక్కి తొంగి చూసి గానీ నోట పెట్టరు.

"ఏం కలిపాననుకున్నారు ఆంటీ?"

"నీ టీలో పాలే సరిగ్గా కలవవు, ఇంకేం కలుస్తాయి లా!" అని చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించి నవ్వేవారు. ఆ పిల్లికళ్ళు మెరిసేవి.

ఆ కళ్ళు వాళ్ళ ముత్తాతవి. ఆయనది స్కాట్లండ్. బ్రిటిష్ సైన్యానికి మనుషుల్ని పోగుచేసేవాడొకడు ఆయన బీరు గ్లాసులో రాణిగారి నాణెం జారవిడిచాడట. ఆఖరి గుక్కలో అది పెదవికి తగిలితే, రాణి సొమ్ము ముట్టావు, ఇక నువ్వు సిపాయివే అని లాక్కుపోయారట. అలా ఓడెక్కి విశాఖపట్నం వచ్చి, తెలుగు పిల్లను చేసుకుని ఉండిపోయాడు. అక్కడ స్కాట్లండ్‌లో ఆయన తల్లి మాత్రం కొడుకు అన్నానికి వస్తాడని గుమ్మంలోనే చూస్తూ పోయిందట.

అందుకే ఏటా మహాలయ అమావాస్యకి ఆంటీ ఆ తల్లికీ ఒక ఆకు వేసేవారు. గాజు గ్లాసులో నీళ్ళు పెట్టి, "నీ కొడుకు నిన్ను వదిలిపోలేదమ్మా, మోసం చేసి పట్టుకుపోయారు" అని చెప్పేవారు. వాళ్ళమ్మా, అమ్మమ్మా చెప్పిన మాటే.

ఈ ఏడు వాళ్ళమ్మాయి, అమ్మ సంతోషిస్తుందని, స్కాట్లండ్‌లో పాత సైన్యం సంగతులు తెలిసినాయన్ని పట్టుకుంది. నా కొట్లోనే కూర్చుని వీడియో కాల్ చేశారు. ఆయన నెమ్మదిగా చెబుతుంటే అమ్మాయి తెలుగులో చెప్పింది.

"అది అక్కడ ఊరూరా చెప్పుకునే కథేనటమ్మా. నాణెం ముట్టుకుంటే సిపాయి అయిపోరట. తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబడి సరేననాలి. వద్దంటే కాస్త జరిమానా కట్టి ఇంటికెళ్ళిపోవచ్చు."

"అంటే సరేనన్నాడా?"

"అనే ఉంటాడమ్మా."

"ఎందుకు?"

తెరమీద ఆయన తల అడ్డంగా ఊపాడు. అది ఎవరికీ తెలీదు.

"పోన్లేమ్మా, పాత కథ" అంది అమ్మాయి.

"నీకు కథ. ఆ తల్లికి నేనేం చెప్పను?" అని ఆంటీ నావైపు తిరిగారు. "తంబీ, కుక్కరు అమ్మడానికి గంట మాట్లాడతావు కదా, నాకొక్క మాట చెప్పు. ఈ అమావాస్యకి ఏం చెప్పను?"

"టీ తాగండి ఆంటీ, చల్లారిపోతుంది" అన్నాను.

తర్వాతోసారి వచ్చి స్టీలు గ్లాసొకటి తియ్యమన్నారు. "నాణెం ముడితే ఏం కాదటగా, ఇంక భయం దేనికి?" కడిగి టీ పోసిచ్చాను. పెదవిదాకా తెచ్చి ఆగారు. వంచి, అడుక్కి చూశారు. తాగకుండా కింద పెట్టేశారు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఒకటే అడిగేవారు: "మాట దొరికిందా తంబీ?"

"చూస్తున్నా ఆంటీ."

దొరక్కుండానే వెళ్ళిపోయారు.

నిన్న అమావాస్య. ఏడాది మైలలో ఏవీ చెయ్యకూడదని పంతులుగారు అన్నా, ఆ ఒక్క ఆకూ వేస్తానంది అమ్మాయి. నన్నూ పిలిచింది. అన్నం వడ్డించి, వాళ్ళమ్మ గాజు గ్లాసులో నీళ్ళు పోసింది. "నీ కొడుకు నిన్ను…" అని ఆగి నావైపు చూసింది.

"ఏం చెప్పాలన్నా?"

గ్లాసులో నీళ్ళు కదలడం మానాయి. అడుగు బాగా కనబడుతోంది. అందులో ఏమీ లేదు.