సోంబరు గెలిచిన కుస్తీ

పంతొమ్మిదివందల ఇరవై అయిదు నాటి మాట. హుకుంపేట దగ్గర కొండవాలులో చోళ్లు పండించుకునే సోంబరుకి ఎద్దు మెడలు వంచే బలం ఉండేది. సంతల్లో కుస్తీ ఆటలు కట్టించే తాతారావు అది చూసి అతన్ని తన జట్టులో చేర్చుకున్నాడు. ఎవరు గెలవాలో తాతారావు ముందే చెప్పేవాడు. గెలుపెప్పుడూ కొండ దిగువ పల్లపు వస్తాదు పైడయ్యది. పడిపోవడం సోంబరుది.

దెబ్బ తగలకుండా పడడం నేర్పింది కూడా పైడయ్యే. "నడుం కాదురా, ముందు బుజం ఆనాల" అంటూ ఇసకలో పదేపదే తనే పడి చూపించేవాడు. ఇద్దరూ ఒకే కుండలో అంబలి తాగేవారు. సోంబరుకి మాత్రం ఒకటే కోరిక. ఎవరూ ఏదీ చెప్పకుండా, ఒక్కసారి వీడితో నిజం కుస్తీ పట్టాలి.

అంతలో పోటీ జట్టొకటి సంతల్లోకి ఎలుగుబంటిని దింపింది. జనం అటే విరగబడ్డారు. తాతారావు కొత్త కథ కట్టాడు. సోంబరు మొహానికి మసి పూసి, కొమ్ములు కట్టి, ఆడపిల్లల్ని ఎత్తుకుపోయే కొండరాకాసిని చేశాడు. చివర్లో పైడయ్య అతని గుండెల మీద కాలు మోపాలి. పల్లంలో ఆ ఆట బాగా పండింది. తర్వాత హుకుంపేట సంతలో ఆడదామన్నాడు తాతారావు.

"మావోళ్ల ముందర ఈ యేసం వొద్దు బాబూ."

"నువ్వు రాకాసివి కాపోతే ఎలుగ్గొడ్డుని ఒగ్గేసి మనకాడికి ఎవులొత్తారు?"

ఆ రోజు చింతపండు గంపల నడుమ నిలబడ్డ సోములమ్మ, కొమ్ముల కింద మొగుణ్ని గుర్తుపట్టి తల దించేసుకుంది. పైడయ్య అది చూశాడు. సోంబరు ఇంకా పట్టు బిగించకుండానే తనే వెల్లకిలా పడిపోయాడు పైడయ్య. మరి లేవలేదు. కొండజనం డప్పులు హోరెత్తించారు.

సోంబరు అతని మీదికి వంగాడు. "ఏటి సేత్తన్నావురా? లేసి నిజంగా పట్టు!" అని బతిమాలాడు. పైడయ్య కళ్లు మూసుకునే నవ్వాడు.

ఆ సాయంత్రమే తాతారావు పైడయ్యని తరిమేశాడు. సోంబరు కూడా కొమ్ములు విప్పి పారేసి పొలానికి మళ్లాడు. ఊరంతా మొనగాడంది. సోములమ్మ మురిసిపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా దక్కని పట్టు కోసం అతని చేతులు తహతహలాడేవి.

సంతకెళ్తే చాలు, ఉప్పు తెచ్చే పల్లపోళ్లని పైడయ్య జాడ అడిగేవాడు. చివరికొకడు, "రంగూను ఓడెక్కేసినాడు" అన్నాడు.

"అక్కడా కుస్తీలుంటాయా?"

"ఏమో. బియ్యం మిల్లుల్లో మూటలు మోత్తారంట."

సోంబరు సముద్రం ఎన్నడూ చూడలేదు. అది ఎటువైపుందో అడిగి, సంత విడిపోయేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.